సీఐఎన్-2కు టీకాతో చికిత్స: ఒక కేసు, దాని వెనుక ఉన్న ఆధారాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ రాకుండా వేసే టీకా రెండో డోసు ఎప్పుడు వేయించుకోవాలో అడగడానికి వచ్చిన 28 ఏళ్ల యువతి కేసు ఇది. పెళ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లలు లేరు. పొగాకు అలవాటు లేదు, హెచ్‌ఐవీ లేదు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేవీ వాడటం లేదు. ఆఫీసు వాళ్లు చేయించిన ఆరోగ్య పరీక్షల్లో పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) తేడాగా వచ్చింది: హెచ్‌ఎస్‌ఐఎల్, అంటే కణాల్లో తీవ్రస్థాయి మార్పులు. తర్వాత చేయించిన డీఎన్‌ఏ పరీక్షలో హెచ్‌పీవీ 16 (ఆ వైరస్‌లో క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న రకం) పాజిటివ్. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించుకుంటే, టీకా మూడు డోసులు పడితే వైరస్ పోతుందని, ఆపరేషన్ అవసరం ఉండదని చెప్పి మొదటి డోసు వేసేశారు. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీ చేయలేదు. బయాప్సీ తీయలేదు. మచ్చ ఎక్కడుందో, ఎంతుందో, ఏ దశలో ఉందో తెలియకుండానే చికిత్స మొదలైపోయింది.

ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవారు ఈ మధ్య పెరిగారు. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్‌కు 2022 జులైలో అనుమతి వచ్చాక ఈ టీకా పేరు అందరికీ తెలిసింది, అది మంచిదే. అయితే వ్యాధి రాకుండా వేసే టీకాకూ, వచ్చిన వ్యాధిని తగ్గించడానికి తయారవుతున్న టీకాకూ తేడా రోగులకే కాదు, కొందరు వైద్యులకూ స్పష్టంగా లేదు. ఆమె అడిగిన ప్రశ్న తెలివితక్కువది కాదు. వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ ముందు దశను టీకాతో తగ్గించవచ్చా అన్నది పదిహేనేళ్లకు పైగా గట్టి పరిశోధకులు పనిచేస్తున్న విషయం. ఆమెకు వేసిన టీకా మాత్రం ఆ పని కోసం తయారైనది కాదు.

కాల్పోస్కోపీలో కనిపించింది

ఐదు శాతం అసిటిక్ ఆమ్లంలో తడిపిన దూదిని గర్భాశయ ముఖద్వారం మీద నిమిషం పాటు ఉంచి తీశాక, గడియారం లెక్కలో 11 నుంచి 2 గంటల మధ్య చిక్కటి తెల్లమచ్చ తేలింది. అంచు తెలుస్తోంది కానీ వంకరటింకరగా ఉంది. లోపల సన్నటి మొజాయిక్ గీతలు. లుగోల్స్ అయోడిన్ పూస్తే చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన పొర ముదురు గోధుమరంగుకు తిరిగింది, మచ్చ మాత్రం ఆవపిండి పసుపురంగులోనే ఉండిపోయింది. వెడల్పు 8 మిల్లీమీటర్లు, మచ్చ తీవ్రతను పదికి లెక్కగట్టే స్వీడ్ స్కోరు 6. కణాలు రూపం మార్చుకునే వలయమంతా బయటికే కనిపిస్తోంది, మచ్చ ముఖద్వారపు కాలువలోకి పాకలేదు. ఈ చివరి మాట రిపోర్టులో ఒక్క పంక్తే. తర్వాత తీసుకున్న నిర్ణయమంతా దాని మీదే నిలబడింది. కాలువలోకి పాకిన మచ్చను పూర్తిగా చూడలేం, చూడలేనిదాన్ని కనిపెట్టుకుని ఉండటం కుదరదు.

రెండు చోట్ల ముక్క తీశాం. రిపోర్టు సీఐఎన్-2, అంటే ముఖద్వార క్యాన్సర్ ముందు దశలోని మూడు మెట్లలో రెండోది. హెచ్‌పీవీ ప్రభావం ఉన్న కణాల్లో పెరిగే పీ16 ప్రోటీన్‌ను చూపే రంగు అడుగు పొర నుంచి పైకి ఎడతెగకుండా పట్టింది, కాబట్టి ఇది నిజంగా తీవ్రస్థాయి మార్పేనని, వాపు వల్ల కలిగిన భ్రమ కాదని పాథాలజిస్టు ధ్రువీకరించారు.

రిపోర్టు చెప్పే రోజు తల్లి కూడా వచ్చింది. వాళ్లది భద్రాచలం వైపు. వైద్యానికి ఖమ్మం దాటి విజయవాడ రావడం ఆ ప్రాంతంలో మామూలే. తల్లికి అసలు టీకా అంటేనే గుబులు. “ఆ ఇంజెక్షన్ మా వైపు ఆడపిల్లలకు వేసి మధ్యలో ఆపేశారు డాక్టరమ్మా. ఇది మాకు చెప్పకుండా వేయించుకుంది,” అంది.

ఆమె చెప్పింది నిజమే. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేశాయి. దాదాపు 14 వేల మందికి పడింది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. కానీ హాస్టల్ వార్డెన్లు తల్లిదండ్రుల బదులు సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది, ఆ తప్పుపట్టడం న్యాయమే. ఆ కలకలం అంతా మన జిల్లాల్లో ఒక తరం తల్లుల మనసుల్లో ఉండిపోయింది. మా రోగికి అప్పుడు సరిగ్గా ఆ వయసే. వాళ్ల ఊరు పక్క మండలంలో ఉండటంతో జాబితాలోకి రాలేదు. అప్పుడు పడి ఉంటే ఈ ఫైలు నా బల్ల మీదకు వచ్చే అవకాశం చాలా తక్కువ.

ఆ నిలిపివేతకు ఇంకో పర్యవసానం కూడా ఉంది. అప్పట్లోనే దేశంలో తొమ్మిది చోట్ల, హైదరాబాద్ దగ్గరి మేడ్చల్‌తో కలిపి, రెండు డోసులు సరిపోతాయా మూడు కావాలా అని ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. ఉత్తర్వుతో అదీ ఆగిపోయింది, వేలమంది బాలికలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్లను పదేళ్లు గమనిస్తే ఒక్క డోసు కూడా హెచ్‌పీవీ 16, 18 రకాల మొండి ఇన్‌ఫెక్షన్ నుంచి సుమారు 95 శాతం రక్షణ ఇస్తోందని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసును అంగీకరించడానికి దారితీసిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

“ఎక్కడి నుంచి వచ్చింది?”

రిపోర్టు విన్న ప్రతి జంటలోనూ ఈ ప్రశ్న ఉంటుంది, పైకి అడిగినా అడగకపోయినా. ఈమె అడగలేదు, మౌనంగా ఉండిపోయింది. అందుకే భర్తను పిలిపించి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పాను. లైంగిక జీవితం ఉన్నవారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌పీవీ సోకుతుంది. చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొందరిలో చప్పుడు లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పరీక్ష వైరస్ ఉందని చెబుతుంది, ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. ఈ నాలుగు మాటలకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు పెట్టని చోట కాపురాలు చెడటం చూశాను.

ఆ తర్వాతే టీకా సంగతి. నివారణ టీకాలో ఉండేది వైరస్ పైతొడుగు ప్రోటీన్ ఎల్1. అది లోపల జన్యుపదార్థం లేని ఖాళీ గుల్లగా ఉంటుంది. దాన్ని చూసి శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. నిజం వైరస్ వచ్చినప్పుడు అవి దాన్ని కణంలోకి దిగకముందే పట్టుకుంటాయి. కణంలోకి దిగిపోయాక వాటికి పని లేదు. అడుగు పొర కణాల్లో దాక్కున్న వైరస్ ఎల్1ను బయటపెట్టదు, పై పొరలకు చేరాకే ఆ ప్రోటీన్ తయారవుతుంది. ముందు దశ ముదిరే కొద్దీ వైరస్ జన్యువు మన కణం క్రోమోజోములో అతుక్కుపోవచ్చు, అప్పుడు ఎల్1 ఉత్పత్తి దాదాపు ఉండదు. కణాన్ని క్యాన్సర్ వైపు నెట్టే ఈ6, ఈ7 ప్రోటీన్లు మాత్రం ఆగకుండా తయారవుతూనే ఉంటాయి. ఈ6 మన కాపలా ప్రోటీన్ పీ53ని నాశనం చేయిస్తుంది, ఈ7 కణ విభజనకు బ్రేకు వేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను కదలకుండా చేస్తుంది.

ఇదంతా తేలిక మాటల్లో చెప్పాక తల్లి ఒక్క ముక్కలో తేల్చేసింది: “దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టన్నమాట.” ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

రుజువు కూడా ఉంది. కోస్టారికాలో అప్పటికే వైరస్ ఉన్న రెండు వేల పైచిలుకు మహిళల్లో సెర్వారిక్స్ అనే నివారణ టీకా వేసినవారినీ, వేరే టీకా వేసినవారినీ పోల్చారు. ఏడాది తర్వాత వైరస్ పోయినవారు టీకా గుంపులో 48.8 శాతం, రెండో గుంపులో 49.8 శాతం. 2007లోనే ప్రచురితమైన ఫలితమిది. ఇప్పటికీ “వైరస్ పోవడానికి” ఈ టీకా రాసేవారు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. టీకా వేసుకున్న సగంమంది “టీకాతో పోయింది” అనే అంటారు, వాళ్లకేం తెలుసు?

చికిత్స టీకాలు ఎంతవరకు వచ్చాయి

కణంలో దాక్కున్న వైరస్‌ను తీసేయాలంటే ఆ కణాన్నే చంపాలి. అది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల పని. కాబట్టి చికిత్స టీకాలు ఈ6, ఈ7లను చూపించి టీ కణాలను రెచ్చగొడతాయి. ఆలోచన చక్కగా ఉంది, అమలే కష్టం. ఈ వైరస్ రక్తంలోకి రాదు, కణాన్ని పగలగొట్టదు, వాపు పుట్టించదు. రోగనిరోధక వ్యవస్థ కంట పడకుండా బతకడమే దాని విద్య.

ఆశ పుట్టించిన మొదటి పెద్ద ఫలితం నెదర్లాండ్స్‌లోని లైడెన్ నుంచి 2009లో వచ్చింది. గెమ్మా కెంటర్, షూర్డ్ వాన్ డెర్ బుర్గ్, కోర్నెలిస్ మెలీఫ్ బృందం హెచ్‌పీవీ 16 వల్ల యోని పెదవుల మీద వచ్చే క్యాన్సర్ ముందు దశలో మూడో మెట్టు వ్యాధి ఉన్న 20 మందికి ఈ6, ఈ7ల పొడవైన పెప్టైడ్లను (ప్రోటీన్ ముక్కలను) ఇంజెక్షన్‌గా ఇచ్చింది. ఏడాది తర్వాత 19 మందిలో 15 మందికి మచ్చ తగ్గింది, 9 మందికి పూర్తిగా మాయమైంది. ఆ భాగంలో కత్తి పెడితే స్త్రీకి శరీరపరంగా, మానసికంగా ఎంత నష్టమో చికిత్స చేసినవారికి తెలుసు. పైగా కోసినా తిరిగి వస్తుంది. అందుకే ఆ ఫలితం చదివిన రోజుల్లో మా వర్గంలో అంత సంచలనం. కానీ ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చే ప్లాసిబో గుంపు లేదు, పెద్ద మచ్చలున్నవారికి ఫలితం తక్కువ.

గర్భాశయ ముఖద్వారంలో గట్టి పరీక్ష 2015లో జరిగింది. జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన కార్నీలియా ట్రింబుల్ నాయకత్వంలో వీజీఎక్స్-3100 అనే డీఎన్‌ఏ టీకాను సీఐఎన్-2, 3 ఉన్నవారికి మూడు డోసులు ఇచ్చారు. చేయికి సూది వేసి అక్కడే క్షణకాలం విద్యుత్ స్పందన ఇస్తారు, డీఎన్‌ఏ కణాల్లోకి దిగడానికి. డీఎన్‌ఏ టీకా అనగానే భయపడేవారికి ఒక మాట: మనుషుల వాడకానికి అనుమతి పొందిన తొలి డీఎన్‌ఏ టీకా మన జైడస్ వారి జైకోవ్-డీ, కోవిడ్ కోసం, 2021లో. వీజీఎక్స్ ప్రయోగంలో టీకా తీసుకున్న 107 మందిలో 53 మందికి, అంటే 49.5 శాతానికి, వ్యాధి వెనక్కి మళ్లింది. ప్లాసిబో గుంపులో 36 మందిలో 11 మందికి, అంటే 30.6 శాతానికి.

పత్రికలు మొదటి అంకెను శీర్షికలో పెట్టాయి. రెండో అంకె నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఉత్త నీళ్ల ఇంజెక్షన్‌తో ప్రతి పదిమందిలో ముగ్గురికి తీవ్రస్థాయి మార్పులు తొమ్మిది నెలల్లోపే తగ్గాయి. ముక్క తీసిన గాయం దగ్గర పుట్టే వాపు కూడా కొందరిలో సాయపడుతుందేమో. టీకా చేసిన అసలు మేలు ఆ రెండింటి మధ్య ఉన్న సుమారు 19 శాతం. చిన్నదేమీ కాదు, అలాగని సగం కూడా కాదు.

తర్వాత కథ మందగించింది. మూడో దశ ప్రయోగాల్లో మొదటిదాంట్లో, వ్యాధి తగ్గడమూ వైరస్ పోవడమూ రెండూ జరగాలన్న కఠిన లెక్కలో, టీకా గుంపులో 23.7 శాతం, ప్లాసిబోలో 11.3 శాతం వచ్చింది. రెండో ప్రయోగం 2023లో తన ప్రధాన లక్ష్యాన్ని చేరుకోలేకపోయింది. కంపెనీ అమెరికాలో ముఖద్వార వ్యాధికి దాని అభివృద్ధిని ఆపేసింది. ఈలోగా నెదర్లాండ్స్‌లోనే గ్రోనింగెన్ బృందం తమంతట తాము పెరగలేని వైరస్ కణాల్లో ఈ6, ఈ7 జన్యువులు పెట్టి వీవ్యాక్స్001 తయారుచేసింది. హెచ్‌పీవీ 16తో సీఐఎన్-3 ఉన్న 18 మందిలో 9 మందికి వ్యాధి వెనక్కి మళ్లిందని 2025లో ప్రచురించింది. ఇక్కడా ప్లాసిబో గుంపు లేదు. కాబట్టి ఈ రోజున మన దేశంలో మందుల దుకాణంలోనో, ఆస్పత్రిలోనో కొనగలిగే చికిత్స టీకా ఏదీ లేదు.

నిర్ణయం

ఆమె ముందు రెండు దారులున్నాయి. లీప్ చేసి, అంటే కరెంటు పారే సన్నటి తీగ ఉంగరంతో కోసి, మచ్చను తీసేయడం, లేదా ఆరు నెలలకోసారి చూస్తూ ఆగడం.

లీప్ మంచి చికిత్స, స్థానిక మత్తులో పావుగంట పని. కానీ పిల్లలు కావాలనుకునే స్త్రీలో దానికి వెల ఉంది. 2016లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన సమీక్ష ప్రకారం ముఖద్వారానికి చికిత్స అయినవారిలో నెలలు నిండని కాన్పులు 10.7 శాతం, కానివారిలో 5.4 శాతం, కోత లోతు పెరిగే కొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. ఇక సీఐఎన్-2ను కనిపెట్టుకుని ఉంటే ఏమవుతుందో 2018లో బీఎంజేలోనే వచ్చిన సమీక్ష లెక్కగట్టింది: మొత్తం 3,160 మందిపై జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే రెండేళ్లకు సగంమందికి తగ్గింది, 32 శాతానికి అలాగే ఉంది, 18 శాతానికి ముదిరింది. ముప్పై ఏళ్ల లోపువారిలో తగ్గినవారు 60 శాతం. హెచ్‌పీవీ 16 ఉన్నవారిలో అవకాశం అంతకంటే తక్కువ, ఆ సంగతీ ఆమెకు చెప్పాను.

ఆగడం అంటే వదిలేయడం కాదని నొక్కి చెప్పడానికి నేను ప్రతిసారీ న్యూజిలాండ్ ఉదంతం గుర్తుచేస్తాను. ఆక్లాండ్‌లోని నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు 1960లు, 70లలో సీఐఎన్-3 ఉన్నవారికి, వాళ్లకు తెలియకుండానే, సరైన చికిత్స ఇవ్వకుండా గమనించాడు. చికిత్స అందనివారిలో ముప్పై ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సీఐఎన్-2లో నిఘాతో ఆగవచ్చు. సీఐఎన్-3లో ప్రయోగం వెలుపల ఆగకూడదు. ఈ గీత చెరిపే స్వేచ్ఛ రోగికీ లేదు, వైద్యుడికీ లేదు.

భార్యాభర్తలు ఆగడానికే మొగ్గారు. టీకా మిగతా రెండు డోసులు వేయించుకోమనే చెప్పాను. చికిత్సగా కాదు, ఆమెకు ఇంకా సోకని రకాల నుంచి కాపుదలగా. ఆ మాట ఫైలులో కూడా రాశాను, రేపు ఎవరైనా చదివితే టీకాను చికిత్స ఖాతాలో వేయకుండా.

తర్వాత జరిగింది

ఆరు నెలలకు మచ్చ 5 మిల్లీమీటర్లకు తగ్గింది. స్మియర్‌లో మార్పులు తేలికస్థాయికి దిగాయి, హెచ్‌పీవీ 16 మాత్రం అలాగే ఉంది. అందరం సంతోషపడ్డాం. మూడో డోసు కూడా అప్పటికి పడింది. పన్నెండు నెలలకు మళ్లీ చూస్తే 1 గంట దగ్గర మచ్చ చిక్కబడి, మొజాయిక్ గీతలు ఈసారి ముతకగా కనిపించాయి. బయాప్సీలో సీఐఎన్-3.

ఇక చర్చకు తావు లేదు. లీప్ చేశాం. కాల్పోస్కోప్ కింద చూస్తూ, మచ్చ ఉన్న మేర మాత్రమే, 9 మిల్లీమీటర్ల లోతున తీశాం. కాలువ శుభ్రంగా ఉండటం వల్ల అంత తక్కువతో సరిపోయింది. పాథాలజీలో సీఐఎన్-3, అంచులన్నీ శుభ్రం, క్యాన్సర్ లేదు. ఆరు నెలల తర్వాత హెచ్‌పీవీ పరీక్ష నెగటివ్.

మూడు డోసులు పడుతున్నా సీఐఎన్-2 కాస్తా సీఐఎన్-3 అయింది. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు, కోస్టారికా అంకెలు ముందే చెప్పినదానికి ఇది ఒక ఉదాహరణ, అంతే. భర్త మాత్రం నెగటివ్ రిపోర్టు చూసి “మొత్తానికి టీకా పనిచేసింది మేడం” అన్నాడు. పనిచేసింది కోత. అయితే టీకా పాత్ర పూర్తిగా సున్నా అని కూడా అనలేను. కోతకు అటూ ఇటూగా నివారణ టీకా వేస్తే వ్యాధి తిరిగి రావడం సుమారు 57 శాతం తగ్గుతుందని 2022లో బీఎంజేలో ఒక సమీక్ష వచ్చింది. అందులో ఎక్కువ భాగం పరిశీలన అధ్యయనాలే. టీకా వేయించుకోవడానికి ముందుకొచ్చేవారు మిగతా జాగ్రత్తలూ ఎక్కువే తీసుకుంటారు, ఆ తేడాను ఏ గణాంకమూ పూర్తిగా తుడవలేదు. జోహన్నెస్‌బర్గ్‌లో హెచ్‌ఐవీ ఉన్న మహిళల్లో చీటీ వేసి పంచినట్టు కేటాయించి చేసిన ప్రయోగంలో అలాంటి మేలు కనిపించలేదు. నా మటుకు నేను లీప్ చేయించుకునే యువతులకు టీకా సూచిస్తున్నాను, హామీ ఇవ్వకుండా. డబ్బు కష్టమైతే ఒత్తిడి చేయను. ఆ డబ్బు ఇంట్లో పదకొండేళ్ల పిల్లకు వాడమని చెబుతాను, అక్కడ దాని విలువ ఎన్నో రెట్లు.

ఈమెకు ఇక ఏడాదికోసారి హెచ్‌పీవీ పరీక్ష, వరుసగా మూడు నెగటివ్ వచ్చేదాకా. తర్వాత మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లపాటు. గర్భం వస్తే 18–20 వారాల స్కాన్‌లో ముఖద్వారం పొడవు కొలవమని ఫైలు మొదటి పేజీలోనే రాసి ఇచ్చాను.

చికిత్స టీకా ప్రయోగం మన దగ్గర మొదలైతే ఇలాంటివారిని పంపడానికి నేను సిద్ధం. ముప్పై ఏళ్ల లోపు, పిల్లలు కావాలనుకునేవారు, హెచ్‌పీవీ 16, మచ్చ చిన్నది, అంతా కంటికి కనిపించేది. ప్లాసిబో గుంపు తప్పనిసరిగా ఉండాలి, మచ్చ ముదిరితే వెంటనే లీప్ చేసే ఒప్పందం కాగితం మీద ఉండాలి, సంతకం ఆమెదే అయి ఉండాలి. కాలువలోకి పాకిన మచ్చ ఉన్నవారిని, మళ్లీ వస్తారో రారో అనిపించేవారిని మాత్రం పంపను.